సున్నాలే ముందు అరిగిపోతాయి

స్కోరుబోర్డు లోపల ఒక నిచ్చెన, ఒక స్టూలు,
రెండు రెక్కలే మిగిలిన ఫ్యాను.
మేకులకు వేలాడే రేకు అంకెలు.
ఇరవై ఏళ్ళయినా తొమ్మిది ఇంకా నవనవలాడుతూనే ఉంది.
సున్నాలే ముందు అరిగిపోతాయి.
ఏటా మార్చిలో వెండెల్ ప్రోకాప్ వాటికి తెల్లరంగు వేస్తాడు
పసిదానికి మొహం కడిగినంత ఓపిగ్గా.

కాగితం మిల్లు మూతపడ్డాక ఈ ఊళ్ళో
రాత్రిళ్ళు వెలిగే పెద్ద దీపాలు ఇవే.
పురుగులన్నీ వస్తాయి. మనుషులే అంతంతమాత్రం.
ఆ మంగళవారం రెండువందల పన్నెండు మంది,
సగం మంది సగం ధర హాట్‌డాగ్ కోసం.
మూడో బేస్ వెనక అయోలా హ్రబాక్ స్వెట్టరు అల్లుతోంది;
అంపైరుని తిట్టేటప్పుడు కూడా ఆమెకి ముడి తప్పదు.

ఆ స్వెట్టరు యోహాండ్రికి. పంతొమ్మిదేళ్ళవాడు,
వెనెజువెలా నుంచి వచ్చి ఆమె మేడమీది గదిలో ఉంటున్నాడు.
బంతి విసిరే ముందు టోపీ తీసి
లోపల రాసుకున్నదేదో చదువుకుంటాడు.
ఏముందని ఎవరం అడగలేదు.

నేను కన్నాల్లోంచి ఆట చూస్తాను.
నాలుగో ఇన్నింగ్స్ కన్నంలో అంకె పెట్టేదాకా
అందులోంచి లోకం కనిపిస్తుంది,
పెట్టాక ఐదో కన్నానికి జరుగుతాను.
అలా జరుగుతూ జరుగుతూ తొమ్మిదికి చేరాం ఆ రాత్రి,
పైన ఎనిమిది సున్నాలు, కింద ఎనిమిది.
యోహాండ్రి ఆఖరివాణ్ణి కూడా ఉత్తచేతులతో పంపేశాడు.
చూస్తే మా దగ్గర ఉన్నవే పదహారు.

వెండెల్ ఏమీ అనలేదు. నిచ్చెన వెనక తడిమి
గోనెసంచిలోంచి ఒకటి లాగాడు:
మిల్లు గోడ మీది పేరులో ఉండే ఓ అక్షరం.
ఆఖరి షిఫ్టు రోజు ఊడదీసి తెచ్చుకున్నాడట, నాకే తెలీదు.
ఆకుపచ్చది, మిగతావాటికన్నా జానెడు పెద్దది.
కన్నంలో పట్టలేదు. తాడేసి కట్టాం.
స్టాండ్స్‌లో ఒక్క అయోలా సూదులు ఆపింది.

ఇక మిగిలింది ఒకే ఒక్క కన్నం.
ఇద్దరం చెరో కన్నూ ఆనించాం.
ఠప్‌మంది. బంతి మా మీదుగా ఎగిరి
గోడ అవతల పోయే గూడ్సులో బొగ్గు మీద పడింది,
ఏ రాష్ట్రంలో దిగిందో!

మర్నాడు తెల్లారకముందే పై జట్టు వాళ్ళ కారొచ్చింది యోహాండ్రికి.
స్వెట్టరుకి ఇంకా ఒక చెయ్యి రావాలి.
మేం అంకెలు తీస్తున్నాం. ఒకటి తీశాను, సున్నాలు తీశాను.
తాడు దగ్గరికొచ్చేసరికి వెండెల్ అన్నాడు:
"అది ఉండనీ. ఇవాళ వానట, ఎలాగూ ఆట లేదు."