వద్దన్న పిల్ల

మూడు మాటల్లో నిన్ను నువ్వు చెప్పుకో, అంది
ప్రకటనల పాఠం చెప్పే గ్రసియేలా మేడమ్.
బోర్డు మీద చాక్‌పీసు టిక్కుమని విరిగింది.
వెనక బెంచీ యమందూ
"ఆకలి, ఆకలి, ఆకలి" అన్నాడు.
నేను మాత్రం రాత్రంతా కూచుని రాశాను:
చురుకు. నమ్మకం. నవ్వు.
తెల్లారేసరికి మూడూ కొత్త చెప్పుల్లా కరిచాయి.

అయినా తొడుక్కుని అద్దం ముందు నడిచి చూశాను.
అమ్మ మాతే బుర్రలోకి వేడినీళ్ళు వంపుతూ
"ఎవరి మీదికి యుద్ధం?" అంది.

మోంతెవిదేయోలో ఆగస్టంటే నడి చలికాలం.
సముద్రమంత వెడల్పున్న మట్టిరంగు నది మీంచి వచ్చి
గాలి వీధి మలుపులో కాపు కాస్తుంది,
అప్పులవాడిలా.
మా పేట వారపత్రిక ఎనిమిది పేజీలు, ఊరికే పంచుతారు.
అందులో ఖాళీ అమ్మడం నా పని.
అగ్గిపెట్టెంత ఖాళీకి ఒక రేటు,
అరచేతంత ఖాళీకి ఒకటి.

రొట్టెల కొట్టులో నా రేటుకార్డు మీద
పిండి వేళ్ళు అద్ది తిరిగిచ్చారు.
మందుల షాపాయన నన్ను చూడగానే
మోగని ఫోను ఎత్తుతాడు.
పూలావిడ పేరడిగింది. మాయితే అన్నాను.
మర్నాడు మళ్ళీ అడిగింది.
రెండుసార్లూ నవ్వాను,
మూడో మాట ప్రకారం.

వాల్దెమార్ తాత గొడుగులు బాగుచేస్తాడు.
కొట్టు ఎంతంటే
లోపల ఒక గొడుగు తెరిస్తే
ఒక మనిషి బయటికి నడవాలి.
ఊచ విరిగినవీ, గుడ్డ చిరిగినవీ,
గాలికి వెల్లకిలా తిరిగిపోయినవీ
కప్పుకి గబ్బిలాల్లా వేలాడుతుంటాయి.
"అరచేతంత చోటు. ఈ వారమే" అన్నాడు
రేకు డబ్బాలోంచి నోట్లు తీసి లెక్కపెడుతూ.
అది నా నెల టార్గెట్టు. నా బస్సు పాసు.

నోరు ఊరుకుంటేగా.
"ఈ వారం వద్దు తాతా.
మిగిలింది ఏడో పేజీ, చావు కబుర్ల కింద.
వాన కూడా లేదు.
నెలాఖరుకి సాంతా రోసా తుఫాను వస్తుందంటారుగా,
ఆ ముందు వారం వేద్దాం,
మూడో పేజీ అడుగుతాను,
అగ్గిపెట్టెంత చాలు."

ఆయన నోట్లు మళ్ళీ డబ్బాలో పెట్టేశాడు.
మూత పడిన చప్పుడు
బస్సెక్కి నాతో ఇంటిదాకా వచ్చింది.

నోటికాడి ముద్ద నేలపాలు చేశావంది మేనేజరు నెల్బియా.
నేను కాదనలేదు.

ఆ ఏడు సాంతా రోసా రాలేదు.
ముప్పయ్యో తారీఖున ఆకాశం తోమిన పళ్ళెం.
మూడో పేజీలో అగ్గిపెట్టెంత గొడుగు
ఎండలో తెరుచుకుని, ఒంటరిగా.
మొహం చెల్లక
నాలుగు రోజులు ఆ వీధి తప్పించి తిరిగాను.

ఐదో నాడు ఆయనే కేకేశాడు
పక్క తాళాల కొట్టు గుమ్మంలోంచి:
"ఒరేయ్ నెల్సన్, ఈమేరా ఆ వద్దన్న పిల్ల!
కొనమంటే కొను, మానమంటే మానెయ్."
"తుఫాను రాలేదుగా తాతా..."
"ఆకాశానికి పూచీ నువ్వా?" అని
మాతే బుర్ర నా చేతిలో పెట్టాడు.
చేదు. గుటకలో అడుగంటా తాగాను.
నెల్సన్ అరచేతంత చోటు కొన్నాడు,
నా నంబరు ఎక్కించుకున్నాడు.
పేరు చెప్పబోయేలోపే
బండ వేళ్ళతో కొట్టేశాడు: వద్దన్న పిల్ల.

సోమవారం మేడమ్ నన్ను లేపింది.
ఏవీ మూడు మాటలు?
"రెండే ఉన్నాయి మేడమ్.
అవీ నేను పెట్టుకున్నవి కావు."
క్లాసంతా నవ్వింది. యమందూ అందరికన్నా గట్టిగా.
మేడమ్ నవ్వలేదు, విరిగిన చాక్‌పీసుతో
బోర్డు మీద ఏదో రాయబోయి, ఆగి
కిటికీ వైపు చూసింది.

పది రోజులు ఆలస్యంగా
వాన.
నా దగ్గర గొడుగు లేదు.