చుక్క

మార్చి శనివారం, కాసెల్ విశ్వవిద్యాలయం
కొత్తవాళ్ళకి తలుపులు తెరిచిన రోజు.
చరిత్ర శాఖ బల్ల వెనక నన్ను కూర్చోబెట్టారు
"పూర్వ విద్యార్థిని, ఉద్యోగం ఉంది" అని
కోటుకి చీటీ అంటించి.
ఉంది కింద ఎవరో రెండు గీతలు గీశారు.

ఒక తల్లి వచ్చింది, తడిసిన వానకోటు విప్పకుండా.
పక్కన కూతురు ఫ్రౌకె,
గోళ్ళకి నీలం రంగు, చూపు నేల మీద.
"ఇది కూడు పెడుతుందా?"
అడిగింది నన్ను కాదు, చేతిలోని కరపత్రాన్ని.

మా నాన్నా అడిగాడు, ఎవరిదో ఇంటికప్పు మీద నిలబడి,
కింద నేను అందిస్తున్న పెంకులు అందుకుంటూ:
పాతవి తవ్వుకుంటే ఏమొస్తుందే?

ఏమొస్తుందో సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను.
బాంబులు పడ్డ మర్నాడు
విమానంలోంచి తీసిన ఫోటో.
"ఈ పెద్ద గోతులు పేలినవి.
వాటి గురించి పుస్తకాల్లో ఉంటుంది.
ఇదిగో, పళ్ళతోట అంచున, నువ్వుగింజంత చుక్క.
ఇది పేలలేదు.
దిగింది, మట్టి మూసుకుంది, గడ్డి మొలిచింది.
ఇప్పుడక్కడ పసిపిల్లల బడి కడతారట.
పునాది తవ్వేముందు నన్నడుగుతారు."

ఒక్క ఫోటోని నమ్మను.
ఒక్క సాక్షిని నమ్మొద్దని మొదటి ఏడే
దగ్గుతూ దగ్గుతూ నేర్పాడు మా ముసలి ప్రొఫెసర్.
రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి
జంట కటకాల్లోంచి చూస్తే
చదునుగా పడున్న ఊరు లేచి నిలబడుతుంది,
చిమ్నీలకి ఎత్తు, గోతులకి లోతు.
చాలా రోజులు ఏమీ ఉండదు.
పోయిన నెల పదకొండు రోజులు
ఒక చుక్క మీద కళ్ళు కాయలు కాచేలా కూర్చున్నాను.
ఆవులు నీళ్ళు తాగే తొట్టి.

"జీతం?" అంది తల్లి.
చెప్పాను. కనుబొమలు కాస్త దిగాయి.
నాతో చదివిన టోర్బెన్ సారా కంపెనీలో
పాత సీసాల చీటీలు భద్రపరుస్తాడు,
యెల్కా మ్యూజియం గోడ మీది బొమ్మలు
ఎవరింట్లోంచి లాక్కొచ్చినవో వెతుకుతుంది,
హెన్నింగ్ ట్రామ్ నడుపుతాడు, సంతోషంగానే.

డెట్లెఫ్ సంగతి చెప్పలేదు.
తవ్వే యంత్రం నడుపుతాడతను.
ఒకసారి ఏమీ లేదని నేను సంతకం పెట్టిన చోట
అతని ఇనప దంతానికి ఇనుము తగిలింది.
వీధులు ఖాళీ చేయించారు, అంబులెన్సులు నిలిపారు,
తెల్లారేసరికి బాంబు నోరు మూయించారు.
అప్పట్నుంచి ప్రతి తవ్వకానికి ముందు ఫోన్ చేస్తాడు.
"నిజంగా లేదా?"
తిట్టడు. అదొక్కటే అడుగుతాడు.
నేను మళ్ళీ కటకాల మీదికి వంగుతాను.

ఇప్పుడు ఫ్రౌకె వంగింది.
జుట్టు ఫోటో మీద పడితే చెవి వెనక్కి తోసుకుంది.
గోతుల్ని దాటి, తోటని దాటి,
రైలు పట్టాల పక్కన
నీలం గోరు ఆగింది.
"మరి ఇదేంటి?"

అక్కడ నేను గుర్తు పెట్టలేదు.
దుమ్మేమో.
చొక్కా చేతితో తుడిచాను.

పోలేదు.