మణికట్టు యాస

ఫారంలో నాలుగో గడి: సైగ పేరు.
ఐదోది: చప్పుడు. ఉంది, లేదు.
ఆరోది: అవతలిది ఏం చేసింది.
పదకొండేళ్ళుగా ఈ గడులు నింపి నింపి
నా పెన్సిలు కూడా అడవి వాసనే వేస్తోంది.

నా పేరు కాహ్వా.
కవలల వెనకాల పుట్టినవాళ్ళకి
మా మసిండి వైపు పేరు వెతుక్కోనక్కర్లేదు.

చింపాంజీ ‘వచ్చి నా ఒళ్ళు చూడు’ అనాలంటే
గోళ్ళతో చేతిని పొడుగ్గా గీక్కుంటుంది,
ఎండుటాకుల మీద చీపురు ఈడ్చినట్టు.
బర్రుమని వినపడాలి.
అంతే మాట.

కెంగొంజికి కుడిచేతి వేళ్ళు లేవు.
ఉచ్చు వేసింది చిన్న జింక కోసం.
సైకిలు బ్రేకు తీగ.
తీగకి చదువు రాదు, ఎవరి చెయ్యని అడగదు.

అది మణికట్టు వెనకతో రాసుకుంటుంది
పైనుంచి కిందికి, ఒకసారి, మళ్ళీ ఒకసారి.
చప్పుడు లేదు.
లేదు అనే రాశాను.
ఆరో గడికి చెయ్యి జరిగేలోపు
పైకొమ్మ మీది ముసలి మగది దిగొచ్చి
దాని వీపు వెనక చతికిలబడి
పేలు చూడ్డం మొదలెట్టింది.

లీవెన్ నుంచి వచ్చిన డాక్టరమ్మ
ఆ తొమ్మిది సెకన్ల వీడియోని
జనరేటరు ఆగిపోయేదాకా తిప్పి తిప్పి చూసింది.
“చప్పుడు పోయినా మాట పోలేదు” అంది,
మాటంటే ఏమిటో ఆ క్షణాన తనకే తెలీనట్టు
పెన్ను మూత కొరుకుతూ.

మా నాన్న కిసెంబో సైకిళ్ళు బాగుచేసేవాడు.
పాత బ్రేకు తీగలు పారెయ్యడం నేను చూళ్ళేదు.
ఆ మాంసం మేం తిన్నాం.
కవలల్లో ఒకడికి కామెర్లొచ్చినప్పుడు
మందులైంది కూడా ఆ మాంసమే.
ఇప్పుడు నేను నెలకి ముప్ఫై, నలభై ఉచ్చులు విప్పి
సంచిలో వేసుకొచ్చి ఆఫీసులో లెక్క చెబుతాను.
ఆయన సంచి బరువు చూస్తాడు. ఏమీ అనడు.
కెంగొంజి చేతిలో దిగింది ఎవరి తీగో
తేల్చేవాళ్ళు లేరు. నేనూ అడగలేదు.
మా ఇంట్లో కొన్ని సంగతులు
చప్పుడు కాకుండానే గీక్కుంటాం.

పోయిన వానల్లో ఇంకోటి చూశాను.
కెంగొంజి కూతురు, నాలుగేళ్ళది,
పది వేళ్ళూ నిక్షేపంగా ఉన్నది,
అత్తిచెట్టు మొదట్లో కూర్చుని
వేళ్ళు అయిదూ లోపలికి ముడిచి
మణికట్టు వెనకతో
పైనుంచి కిందికి రాసుకుంది.

పెన్సిలు పట్టుకుని అలాగే ఉండిపోయాను.
ఈ సైగకి జాబితాలో నంబరు లేదు.
గాయం అయితే తల్లిది.
ఇదేమిటి మరి?
యాస అందామా?

ఆ రాత్రి నాన్నకి చెప్పాను.
కర్రపెండలం చెక్కు తీస్తున్న కత్తి ఆగింది.
చాలాసేపు పొయ్యి మాత్రమే మాట్లాడింది.
తర్వాత అడిగాడు:
“దాని ఎంపాకో ఏమిటి?”

మా దగ్గర ప్రతివాళ్ళకీ ఒక ఎంపాకో ఉంటుంది.
పట్టుమని డజను పేర్లు, అవే ఊరందరికీ.
ఎప్పుడో ఉత్తరాన్నించి వచ్చినవాళ్ళెవరో
వదిలిపోయారంటారు.
మా భాషలో వాటికి అర్థం లేదు.
అయినా అది పిలవకుండా పలకరిస్తే
పలకరింపు కింద లెక్క కాదు,
గోడతో మాట్లాడినట్టు.

“చింపాంజీలకి ఎంపాకో ఉండదు నాన్నా.”

“అడ్యేరి” అన్నాడు,
కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ.
“తల్లికి. పిల్లకి నువ్వే చూడు.”

తెల్లారి ఏడూ పన్నెండుకి గూడు కింద నిలబడ్డాను.
అడవిలో మేం మాట్లాడకూడదు, అది నియమం.
పెదాలు మాత్రం కదిపాను.
కెంగొంజి నా వైపు చూడలేదు.
మంచుకి తడిసిన మోచెయ్యి
మణికట్టుతో ఒకసారి రాసుకుంది,
ఎవరికోసమో మరి.

ఐదో గడిలో లేదు అని రాసి
ఆరో గడి
ఇంకాసేపు ఖాళీగా ఉంచాను.