చెప్పు

విజయనగరం ఎగ్జిబిషన్లో రంకులరాట్నం కాడ
వరస సోడాబండి దాకా పాకింది.
మైకు. జనరేటరు. ఎవరిదో బూర.
మా మోక్షిత్ చెవులు మూసుకుని
నా కొంగు నోట్లో కుక్కుకున్నాడు.

"కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి కదా,
ఏటైనాది గుంటడికి? చెప్పు మరి."
వెనకాయన అడగడం తప్పని కాదు,
చూపించడానికి వాడి ఒంటిమీద ఏమీ లేదు.
సంచిలో సదరం కాగితం ఉంది.
తియ్యడానికి చెయ్యి రాలేదు,
రాట్నం కాడ కూడా
వాణ్ణి శాతాల్లో చెప్పాలా?

టిక్కెట్లు చింపే తవిటయ్య అన్నాడు:
"రేషన్ డిపో కాడ ఏటి చేస్తామమ్మా?
చెప్పొకటి వొగ్గేసి ఎల్లు."

ఎడమకాలి నీలం చెప్పు వరసలో నిలబడింది.
మేం గోడవతల, చీకట్లో,
ఆగిన లారీలకి టైర్లు లెక్కపెట్టాం.
పది. మళ్ళీ పది.

తిరిగొస్తే చెప్పు గేటు ముందుంది.
ఎవరు జరిపారో అడగలేదు.
వెనకాయన మాత్రం
తన బొటనవేలి దుమ్ము దులుపుకుంటున్నాడు.

వాడు చెప్పు తొడుక్కుని
తలెత్తి చూశాడు చాలాసేపు.
"ఇరవై పెట్టెలు" అన్నాడు.
ఎక్కలేదు.
తవిటయ్య టిక్కెట్టు చింపకుండా తిరిగిచ్చేశాడు.