కోత కాగితాలు

వైదేహి పాత్రో టీచరు రెండు కట్టలు తెచ్చి
వాన తుడిచి నా బల్ల మీద పెట్టింది.
ఒకటి దుక్కలా ఉంది.
రెండోది జ్వరం తగ్గి లేచొచ్చిన మనిషిలా, బక్కగా.
"రెండూ ఒకాయనే రాశాడు, కూర్మన్నా,
ఫిలిప్పీన్ దీవుల్లో.
ఇవి చదివాకే అక్కడి జనం
మనదీ ఒక దేశమే కదా అనుకున్నారట."
పదకొండేళ్లు పట్టిందట ఆవిడకి తెలుగులోకి దింపడానికి,
నోటుబుక్కుల నిండా ఆకుపచ్చ సిరా.

పర్లాకిమిడిలో నలభై ఏళ్లుగా అట్టలు కడుతున్నాను.
ఒడియా పంచాంగాలు, తెలుగు భారతాలు,
కోర్టు దస్త్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు.
జిగురుకి భాష లేదు.
చదవమని మాత్రం ఎవరూ ఇవ్వలేదు.
"ముందు చదువు," అంది. "తరవాత కుట్టు."

మొదటి దాంట్లో ఒక కుర్రాడు
దూరదేశంలో చదువుకుని ఊరొస్తాడు,
బడి కడతానంటాడు.
శంకుస్థాపన నాడే చావు మీదికొస్తుంది.
నేనక్కడ ఆగిపోయాను.
మా వీధి చివర తెలుగు బడికని వేసిన పునాదిరాయి
ఇంకా ఉంది. అక్షరాలు అరిగాయి.
కొమ్ముబొమ్మలు చెక్కే తవిటయ్య
దాని మీదే ఉలి నూరుకుంటాడు.

నవ్వొచ్చే చోట్లు కూడా ఉన్నాయి అందులో.
పరాయి యాస పట్టి గొప్పలు పోయే ఒక ఇల్లాలు,
అచ్చం కటకం వెళ్లొచ్చాక మా మేనత్తే.
ఆ నవ్వు వెనకాలే ఏడుపు వస్తుంది,
చెప్పుల్లేకుండా, చప్పుడు లేకుండా.

రెండోది పదమూడేళ్ల తరవాతి కథ.
అదే కుర్రాడు.
పేరు మార్చాడు, రంగు కళ్లద్దాలు పెట్టాడు,
నగలమ్ముతాడు.
ఈసారి బడి కడతాననడు.
దీపం తెస్తాడు. దాని కడుపులో మందుగుండు.
ఇందులో ఎవరైనా నవ్వితే
పళ్లు కనబడతాయి, అంతే.

"రెండోదే పుస్తకం, మావా. మొదటిది అర్జీ"
అన్నాడు తవిటయ్య కొడుకు మన్మథరావు.
వాడి చెల్లెలి బడిలో ఈ ఏడు తెలుగు పీరియడు ఎత్తేశారు.
అర్జీలు వాడే రాశాడు, ఆరు.
"అర్జీ కాదు నాయనా," అంది టీచరు,
"పుండు విప్పి చూపించడం. చూపించకుండా మందెలా ఇస్తారు?"
"చూపించాం కదండీ."
ఆవిడ కళ్లజోడు తీసి చెంగుతో తుడుచుకుంది.
అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

నాకు తెగనిది దీపం దగ్గర.
అది పేలేలోపు, ప్రేమలో ఓడిన ఒక పిల్లాడు
లాక్కుని ఏట్లోకి విసిరేస్తాడు.
ఎర్రోడు, అంటాడు మన్మథరావు.
ఆ పిల్లాడి వల్లే నేను రెండోసారి చదివాను, అంటుంది టీచరు.
రాత్రి మహేంద్రతనయ వంతెన మీద నిలబడ్డాను.
నా చేతిలో ఉంటే ఏం చేసుందును?
ఏరు పాతపట్నం వైపు పోతోంది,
ఎవరినీ అడక్కుండా.

రెండోది ఒక్కటీ కుట్టి ఇమ్మన్నాడు కుర్రాడు.
నా వల్ల కాదన్నాను.
అట్టలు వేరు వేరు గాని
దారం ఒక్క ఉండలోదే, ఎర్రది.
కుడుతూ అడిగాను,
"ఇదెందుకమ్మా ఇంత సన్నం?"
"అచ్చుకి డబ్బుల్లేక
రాసిందాంట్లో కొంత తీసేశాడట."

అదొక్కటీ నాకు పూర్తిగా అర్థమైంది.
అంచులు కోసినప్పుడు కత్తి కింద రాలినవన్నీ
రోజూ మా పొయ్యిలోకే పోతాయి.
నిన్నటి నుంచి
ఒక్కో పీలికా వెలుతురుకి ఎత్తి చూడందే పారేయడం లేదు.
ఒకదాని మీద ఆకుపచ్చ సిరా,
సగం అక్షరం. పైభాగం తెగిపోయింది.
బడిలో 'బ' అయినా కావచ్చు,
మందులో 'ద' అయినా కావచ్చు.
పొయ్యి దాకా తీసికెళ్లి
తిరిగి జేబులో వేసుకున్నాను.