రెండు చుక్కలు

జూలై, రెండో మంగళవారం.
మబ్బు విడిచింది. గాలి పరవాలేదు.
పెంబ్రోక్‌షైర్ తీరాన, మట్టిగట్టు మీద పెరిగిన కంచె వెంట
మెరెరిడ్ ముందు, నేను వెనక.
నడక మొదలెట్టే ముందే చెప్పింది:
అటు రెండున్నర మీటర్లు, ఇటు రెండున్నర,
అంతకు మించి ఏది ఎగిరినా మనది కాదు.
దాటిపోయినదాన్ని వెనక్కి తిరిగి లెక్కపెట్టొద్దు.
తెలియనిదాన్ని తెలిసినట్టు రాయొద్దు.

ముళ్లపొద పూల మీద అదిగో,
నారింజ రెక్కలకి గోధుమరంగు అంచు,
అగ్గిపెట్టెకన్నా చిన్నది.
"మెడో బ్రౌన్," అన్నాను.
"కన్ను చూడు," అంది.

ముందు రెక్క కొసన నల్లటి కన్ను.
అందులో తెల్లచుక్క ఒకటా, రెండా?
ఊపిరి బిగబట్టి వంగాను.
రెండు.
ఆవగింజలో సగం కూడా లేనివి, పక్కపక్కన.
"అయితే గేట్‌కీపర్.
ఒక్క చుక్కయితే మెడో బ్రౌన్, చాలాసార్లు.
ఎప్పుడూ అని మాత్రం అనకు."

వెల్ష్‌లో ఈ రెంటికీ ఇంటిపేరు ఒకటేనట,
చిరునామాలే వేరు.
ఒకటి కంచెలది, ఒకటి పచ్చికబయలుది.
బయలుది మబ్బు పట్టినా తిరుగుతుంది.
కంచెది ఎండ కోసం కాచుకుని,
గేటు పక్కన, రెక్కలు పరుచుకుని,
ఎవరొచ్చారో చూస్తున్నట్టు కూర్చుంటుంది.
పురుగుగా ఉన్నప్పుడు
రెండూ తిన్నది ఆ గడ్డే.

మూడో గేటు దగ్గర ఆగాం. ఫ్లాస్కులో టీ.
సంచిలోంచి పాత నోటుబుక్కు తీసింది.
ఇథెల్‌ది. పాల వ్యాను నడిపేవాడు,
పంతొమ్మిదేళ్లు ఈ దారే, వారం వారం.
గేట్‌కీపర్ గడిలో
నలభై రెండు, ముప్పై తొమ్మిది, యాభై ఒకటి.
తరవాతి ఏడు పదకొండు.
ఆ తరవాత మూడు.
ఆపైన రెండు వేసవులు సున్నా.

"చచ్చిపోయాయా?"
"పక్క గడి చూడు."
మెడో బ్రౌన్ గడి ఉబ్బిపోయి ఉంది,
ఇంచుమించు అన్ని అంకెలతో.

కంచె నరికింది లేదు, మందు చల్లింది లేదు.
పోయింది సీతాకోకచిలుక కాదు.
ఇథెల్ కళ్లలో పొర కమ్ముకుంటూ వచ్చింది,
రెండు చుక్కలూ కలిసి ఒకటయ్యాయి.
ఎవరికీ చెప్పలేదు.
ఒకరోజు వ్యాను తాళాలు మాత్రం
తనంతట తనే డెయిరీ బల్ల మీద పెట్టేసి,
ఇంటికి నడిచి వెళ్లాడట.

"మరి దిద్దలేదేం?"
"అబద్ధం రాయలేదుగా. కనబడిందే రాశాడు."
పేజీ అంచున పెన్సిలుతో,
ఆమె చేతిరాతలో, ఒక్క మాట:
చూపు.

టీ అడుగు గడ్డిలో పారబోసి లేచింది.
చివరి గేటు దాకా నడిచేసరికి
గేట్‌కీపర్లు ఇరవై ఏడు, మెడో బ్రౌన్లు పధ్నాలుగు.
ఒకటి మాత్రం
ముందు రెక్కని వెనక రెక్కలో దాచేసుకుని
గడ్డిపరక మీద ఊగుతూ ఉండిపోయింది.
ఎంతసేపు నిలబడ్డా విప్పలేదు.
దాని కోసం
గడుల బయట ఒక చుక్క పెట్టుకున్నాను.