సంవత్సరం లేని రూపాయి

ముందు వినాలిరా, చూడ్డం తరవాత
అనేవారు టంకాల సోంబాబు గారు
నరసన్నపేటలో ఆరడుగుల కొట్టులో
రూపాయిని వేలి కొస మీద నిలబెట్టి
ఇంకో రూపాయితో చిన్నగా తట్టి.
మంచి వెండైతే ఆ మోత
వీధి దాటి అరటిపళ్ల బండి దాకా పోయి
నెమ్మదిగా వెనక్కొస్తుంది.
రెండు ముక్కలు అతికిందైతే
గొంతులో కఫం అడ్డుపడ్డట్టు అక్కడే ఆగుతుంది.

తరవాత తూకం. తులం.
వందేళ్లు చేతులు మారి అరిగితే
ఒకటో రెండో గురిగింజలు తగ్గొచ్చు.
ఆ తరవాతే భూతద్దం.
అప్పుడడగాలి అసలు ప్రశ్న:
ఈ దెబ్బ టంకశాలలో తగిలిందా
బజార్లో తగిలిందా?

బజారు దెబ్బ గోరుకి తగుల్తుంది.
తాకట్టు కొట్టువాడి ఉలి గాటు,
గచ్చు మీద ఏ పిల్లాడో అరగదీసిన అంచు,
ఇదంతా రూపాయి బతికిన బతుకు.
దానికెవరూ పైసా ఎక్కువివ్వరు.
టంకశాల తప్పు అలా ఉండదు.
అచ్చు పగిలితే ఆ పగులు నాణెం మీద
గుంటై కాదు, గట్టై లేస్తుంది,
రాజు ముక్కు మీంచి గెడ్డం దాకా సన్నటి నరంలా.
బిళ్ల పక్కకి జారితే
ఒక వైపు నెలవంకంత ఖాళీ,
రెండో వైపు సగం తెగిన అక్షరాలు.
పుట్టేటప్పుడు పడ్డ మచ్చ
మిగతా ఒంటితో పాటే ముసలిదవుతుంది.
ఈ ఒక్క మాట ఒంటబట్టడానికి
నాకు పదకొండేళ్లు పట్టింది.

ఆషాఢం, బేరాల్లేని మధ్యాహ్నం,
మెళియాపుట్టి బస్సు దిగి వచ్చింది సవర సుంబరి.
మెడలోంచి రూపాయల పేరు తీసి
త్రాసు పళ్లెంలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది.
"మూడే అమ్ముతాను బావూ.
గుంటడికి కాలిరిగింది, రాడ్డెయ్యాలంట."

పదిహేడు రూపాయలు.
పదహారు మామూలువే,
ఒక పక్క రాజు, ఇంకో పక్క తీగల మధ్య ఏడాది.
నడిమిది తిప్పాను.
రాజు.
మళ్లీ తిప్పాను.
రాజే. లోపలికి దిగి,
కిరీటం గుంటై, గెడ్డం గుంటై,
ఎడమకి చూడాల్సినవాడు కుడికి చూస్తూ.

ముందు కొట్టిన నాణెం అచ్చుకి అతుక్కుపోతే
తరవాతి బిళ్ల వెళ్లి దాని మొహానికే గుద్దుకుంటుంది.
కూలీ ఎవడో చూసి, ఊడబెరికి,
ఏమీ ఎరగనట్టు సంచిలోకి తోసేసి ఉంటాడు.
అందుకే దీని మీద సంవత్సరం లేదు.

చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?
సోంబాబు గారు పోయి తొమ్మిదేళ్లు.
కొట్టుకి రంగులేసినప్పుడు ఆయన ఫొటో తీశాం,
మళ్లీ పెట్టలేదు.
తిప్పి చూడకుండా నేను మూసలో వేసినవి ఎన్నో
ఆ లెక్క నాకు రాదు.

తట్టాను. మోత పోయింది, వచ్చింది.
కొంకీ అతికిన నాణేనికి సగం ధరే అంటారు హైదరాబాదు వాళ్లు.
ఆ సగమే మిగతా పదహారు కంటే ఎక్కువ.
"ఇది తప్పు రూపాయమ్మా" అన్నాను,
"అందుకే దీనికి విలువ."

నన్నే తూకమేసినట్టు చూసింది.
"తప్పేటి? మా యవ్వ దీని లోతుపక్క
ఒంటికి తగిలీలాగే కట్టీది.
బోర్లా తొంగుని నెగిస్తే ఇక్కడ," కంఠం కింద వేలు పెట్టి,
"రాజు నెగిసీవోడు. సూడు."

ముంజేతికి గట్టిగా ఒత్తింది. ఎత్తింది.
చర్మం మీద గెడ్డం రాజు
ఉబ్బుగా, సరిగ్గా ఎడమకి చూస్తూ,
నేను చూస్తుండగానే కరిగిపోయాడు.

పేరు చివరున్న మూడూ తనే విప్పి ఇచ్చింది.
నడిమిదాని ధర మళ్లీ చెప్పాను,
నెమ్మదిగా, కాగితం మీద అంకెలేసి.
"ఈ డబ్బు సాలకపోతే వొస్తాను" అంది,
బస్సు హారను వినబడి లేస్తూ.

మూడింటినీ రెండు వైపులా చూశాను.
అంచులు చూశాను. తట్టి విన్నాను.
ఏ తప్పూ లేదు.
కొలిమి రాజేశాను.